మూడు భాగాల గేమ్‌కి ఏ ముగింపు నప్పుతుంది?

భీమవరం, కాకినాడ, అమలాపురం వైపు కాలేజీల్లో చదువుకుంటూ సొంతంగా గేములు తయారు చేసుకునే పిల్లలు కనిపిస్తే నాకు చాలా సంతోషం. గేములు తయారు చేసే సాఫ్ట్‌వేర్ ఇంజన్లు ఉచితంగా దొరుకుతున్నాయి, బొమ్మలు వేయగల స్నేహితులుంటారు, కథలకైతే గోదారి పక్కన లోటే లేదు. ఆ ఉత్సాహంలో "ఒక గేమ్ కాదండీ, మూడు భాగాలు తీస్తాం" అంటారు. మొదటి భాగం ఎలా మొదలవుతుందో గంటసేపు చెబుతారు. మూడోది ఎలా ముగుస్తుందని అడిగితే మాత్రం "అది అప్పటికి చూసుకుందామండి" అంటారు.

అప్పటికి చూసుకుంటే కుదరదు. చివరి గంట ఏ రకంగా ఉండాలో తేలకపోతే, మొదటి భాగంలో ఆడేవాళ్లు చేసే పనుల్లో దేన్ని గుర్తుపెట్టుకోవాలో ప్రోగ్రామ్ రాసేవాళ్లకు తెలియదు. ఏ పాత్రను బతికించి ఉంచాలో కథ రాసేవాళ్లకు తెలియదు. ఎన్ని బొమ్మలు కావాలో వేసేవాళ్లకు తెలియదు. ఉన్న దారులు ఏమిటి, దేనికెంత పని పడుతుంది, ఏది ఎవరికి సరిపోతుంది అన్నది నాకు తెలిసినంతలో చెబుతాను. ముగింపుల గురించి మాట్లాడుకోవాలంటే పేరున్న కొన్ని గేముల కథలు బయటపెట్టక తప్పదు. ఇంకా ఆడనివాళ్లు ఆ పేరాలు దాటేయండి.

ముందు ఒక గేమ్ ఊహించుకుందాం

గోదారి వశిష్ఠ పాయ మధ్యలో దిబ్బ మీద ఒక లంక ఊరు. కథానాయిక తండ్రి రేవులో జనాన్ని దాటించే పంటు నడిపే సరంగు. ఇంట్లో ఒక నాటు పడవ ఉంది, అది ఆమె నడుపుతుంది. మూడు భాగాల్లో మూడు వరదలు, మధ్యలో కొన్నేళ్ల చొప్పున ఎడం.

మొదటి భాగం ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక నాటిది: నీటిమట్టం 11.75 అడుగులు, సముద్రంలోకి వదిలే నీరు 10 లక్షల క్యూసెక్కులు. లంక పొలాల్లోకి నీళ్లొస్తాయి, ఊళ్లో ఇంకా ఎవరికీ పెద్ద కంగారుండదు. రెండో భాగం రెండో హెచ్చరిక: 13.75 అడుగులు, 13 లక్షల క్యూసెక్కులు. కాజ్‌వే మునుగుతుంది, పడవ తప్ప దారి ఉండదు. మూడో భాగం మూడో హెచ్చరిక: 17.75 అడుగులు, 17 లక్షల క్యూసెక్కులు. ఊరు ఖాళీ చేయాలి.

1986 ఆగస్టు వరదనో 2022 జులై వరదనో చూసిన ఇళ్లలో ఈ అంకెలకు అర్థం చెప్పక్కర్లేదు. రెండుసార్లూ నీళ్లు మూడో హెచ్చరిక దాటి పోయాయి. ఈ కథకు ఉన్న పెద్ద బలం కూడా అదే. మొదటి భాగం ఆడుతున్నప్పుడే మూడో వరద వస్తుందని ఆడేవాళ్లకు తెలిసిపోతుంది. అది ఆగదనీ తెలుసు. తెలియనిది ఒక్కటే: ఆ రాత్రి పడవలో ఎవరెవరుంటారు?

ఇప్పుడు ఈ గేమ్‌ని నాలుగు రకాలుగా ముగించి చూద్దాం.

అందరికీ ఒకటే ముగింపు

మీరు ఏం చేసినా, ఎలా ఆడినా చివర జరిగేది ఒకటే. ఇది పాతకాలపు పద్ధతి అని చిన్నచూపు చూసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. 2007లో వచ్చిన అంతరిక్ష యుద్ధాల గేమ్ హేలో 3 ఇలాగే ముగిసింది. అంతకుముందు 2004లో హేలో 2 కథ మధ్యలో ఆగిపోయి ఆడేవాళ్లను మూడేళ్లు ఎదురుచూసేలా చేసింది. మూడోది వచ్చి యుద్ధం ముగించింది, చనిపోయినవాళ్లకు నివాళి చూపించింది, కథానాయకుణ్ని సగం తెగిన ఓడలో శూన్యంలో వదిలింది. ఎంచుకోవడానికి ఏమీ లేదు, అయినా లోటు అనిపించదు. ఎందుకంటే ఆ గేమ్ మొదటినుంచీ కథను ఎంచుకునే అవకాశం ఇస్తానని ఎక్కడా చెప్పలేదు.

ఇంకో మంచి ఉదాహరణ ప్రిన్స్ ఆఫ్ పర్షియా మూడు భాగాలు: 2003, 2004, 2005. మొదటి భాగం రాకుమారుడు ఒక కథ చెప్పడంతో మొదలవుతుంది. కాలం వెనక్కి తిరిగిపోవడం వల్ల, అతనితో కలిసి అన్నీ అనుభవించిన రాకుమారి ఫరాకు అవేవీ గుర్తుండవు. మూడో భాగం చివర, తన పేరు ఎలా తెలుసని ఆమె అడుగుతుంది. మొదటి భాగంలో మనం విన్న ఆ మాటలతోనే అతను కథ మొదలుపెడతాడు. ఒక సంభాషణతో మూడు గేములూ ఒకటైపోయాయి. ఇలా ముగించడానికి డబ్బు అక్కర్లేదు, మొదటి భాగం మొదటి వాక్యం రాసేటప్పుడు శ్రద్ధ పెడితే చాలు.

మన లంక కథలో అయితే: ఊరు మునుగుతుంది, నాయిక అందరినీ ఏటిగట్టు దాటిస్తుంది, తండ్రి పడవ మాత్రం పోతుంది. బాగుంది. కానీ మొదటి రెండు భాగాల్లో "ఎవరికి సాయం చేస్తావు?" అని ఆడేవాళ్లను పదేపదే అడిగి, చివరికి అందరూ ఒకేలా గట్టు దాటేస్తే, అప్పటిదాకా అడిగిన ప్రశ్నలన్నీ అబద్ధాలైపోతాయి. ఒకటే ముగింపు పెట్టాలనుకుంటే ముందు భాగాల్లో పెద్ద పెద్ద నిర్ణయాలు అడగకండి. ఈత, పడవ నడపడం, దారి వెతకడం లాంటి ఆట మీదే దృష్టి పెట్టండి. ఇద్దరు ముగ్గురున్న టీమ్‌కి, మొట్టమొదటి గేమ్‌కి, ఇది గౌరవంగా ఎంచుకోదగ్గ దారి.

చివరి నిమిషంలో కూడలి

అంతా అయ్యాక చివరి గదిలో రెండో మూడో దారులు చూపించి, ఒకటి ఎంచుకోమనడం. తయారు చేయడానికి తేలిక, వీడియోలో చూపించడానికి ఆకర్షణ. అందుకే అందరి మనసూ ముందు దీని మీదకే పోతుంది.

దీని సంగతి తెలియాలంటే మాస్ ఎఫెక్ట్ దగ్గర కాస్త ఆగాలి. బయోవేర్ సంస్థ 2007, 2010, 2012ల్లో మూడు భాగాలుగా తీసిన అంతరిక్ష కథ అది. ఒక భాగంలో మీరు చేసిన పనులు, ఆటను దాచిపెట్టే సేవ్ ఫైల్ ద్వారా తర్వాతి భాగంలోకి వచ్చేవి. ఒకటో భాగంలో ఎవరిని కాపాడారో, ఎవరిని పోగొట్టుకున్నారో మూడోదానిలో కూడా తెలిసేది. అలా ఐదేళ్లు కూడబెట్టించి, చివరి పది నిమిషాల్లో మూడు దారులు చూపించారు: శత్రు యంత్రాలను నాశనం చేయడం, వాటిని అదుపులోకి తీసుకోవడం, మనుషుల్నీ యంత్రాల్నీ కలిపేయడం. ఏది ఎంచుకున్నా తెర మీద కనిపించేది చాలావరకు ఒకటే, వెలుగు రంగు మారింది. ఆడినవాళ్లకు మండిపోయింది. ముగింపు మార్చమని ఉద్యమంలా అడిగారు. 2012 జూన్‌లో కంపెనీ ఉచితంగా పొడిగించిన ముగింపు ఇచ్చింది. ఎవరి బతుకు ఏమైందో చెప్పే దృశ్యాలు చేర్చింది, ఆ మూడు దారులనూ కాదనే నాలుగో దారి కూడా పెట్టింది.

అయితే ఆ మూడో భాగం మొత్తాన్ని తీసిపారేయకూడదు. క్రోగన్ల జాతికి అంటించిన శాపం లాంటి వ్యాధి కథ, క్వారియన్లకూ గెత్ యంత్రాలకూ మధ్య యుద్ధం, ఈ రెండూ ఆ గేమ్ నడుమనే ఎంతో గొప్పగా ముగిశాయి. అక్కడ పాత భాగాల్లో చేసిన పనులు నేరుగా ఫలితం మార్చాయి. పాతవాళ్లు ఎవరు బతికున్నారన్నదాన్ని బట్టి ఏం సాధ్యమో మారింది. దెబ్బ తిన్నది చివరి గది మాత్రమే. అక్కడ అడిగిన ప్రశ్నకూ, మూడు భాగాలుగా ఆడేవాళ్లు మనసులో మోసుకొచ్చిన ప్రశ్నకూ సంబంధం చాలలేదు. వాళ్లు మోసుకొచ్చింది "నా వాళ్లు ఏమవుతారు?" అన్నది. చివరి గది అడిగింది సృష్టి ఎటు పోవాలన్నది.

మన లంక గేమ్‌కి ఈ పద్ధతి పెడితే ఏమవుతుంది? ధవళేశ్వరంలో ఏ గేట్లు ఎత్తాలో నాయిక చేత ఎంచుకోనివ్వాలని ఎవరికైనా తోచవచ్చు. డెల్టాలో పుట్టినవాళ్లు ఒక్క క్షణం కూడా నమ్మరు. పెద్ద వరదలో బ్యారేజీ 175 గేట్లూ ఎత్తేస్తారు, అక్కడ ఎంచుకోవడానికి ఏముంటుంది? గట్టుకు ఎటువైపు గండి కొట్టాలన్న నిర్ణయం పెడితే కొంత నయం, దానిలో నిజమైన బాధ ఉంది. కానీ ఆ పని చేసే అధికారం ఒక పడవ నడిపే అమ్మాయికి ఎక్కడినుంచి వచ్చింది? అప్పటిదాకా ఆమె చేసిన పనికీ దీనికీ పొంతన లేకపోతే, ఆ కూడలి ఎంత అందంగా తీసినా పరాయిగానే ఉంటుంది.

కూడలి అసలు పనికిరాదని కాదు. మొదటి భాగం చివర పెట్టండి, అద్భుతంగా పనిచేస్తుంది. స్టోయిక్ అనే చిన్న సంస్థ ముగ్గురితో మొదలై బ్యానర్ సాగా అనే మూడు భాగాల గేమ్ (2014, 2016, 2018) తీసింది. మొదటి భాగం చివర ఒక నిర్ణయం వల్ల తండ్రీ కూతుళ్లలో ఒకరు చనిపోతారు. మిగిలినవారు తర్వాతి రెండు భాగాలూ జనాన్ని నడిపిస్తారు. నిర్ణయం తీసుకున్నవాళ్లు దాని బరువుతో రెండు గేములు బతకాలి. మూడో భాగం చివర్లో పెట్టే కూడలికి ఆ అవకాశమే లేదు. దాని తర్వాత బతకడానికి ఇంకేం మిగలదు.

కూడుతూ వచ్చే ముగింపు

చివర్లో ఏమీ అడగరు. అప్పటిదాకా చేసినవన్నీ లెక్కకొస్తాయి. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే, అన్నిటికన్నా కష్టమైనదీ ఇదే.

విచిత్రంగా దీనికి మంచి నమూనా మాస్ ఎఫెక్ట్ రెండో భాగంలోనే ఉంది. చివర్లో తిరిగిరావడం అనుమానమే అనుకునే దాడి ఉంటుంది. అంతకుముందు మీరు ఓడను బాగుచేయించారా, తోటివాళ్ల సొంత కష్టాల్లో వాళ్ల వెంట నిలబడ్డారా, దాడిలో ఎవరికి తగిన పని వాళ్లకు అప్పగించారా అన్నదాన్ని బట్టి ఒక్కొక్కరూ బతకడమో చావడమో జరుగుతుంది. మరీ నిర్లక్ష్యంగా ఆడితే కథానాయకుడు కూడా పోతాడు, ఆ సేవ్‌తో మూడో భాగంలోకి వెళ్లడం కుదరదు. ఎవరైనా చనిపోతే ఎందుకు పోయారో మీకు తెలుస్తుంది. అందుకే కోపం గేమ్ మీద రాదు.

2015 నాటి విచర్ 3 ఇంకో రకం. అది కూడా మూడు భాగాల్లో చివరిది. కథానాయకుడు పెంచిన సిరి అనే అమ్మాయి చివరికి ఏమవుతుందన్నది కొన్ని చిన్న చిన్న సందర్భాల మీద ఆధారపడుతుంది. ఆమె దిగులుగా ఉన్నప్పుడు మంచుముద్దలు విసురుకుంటూ ఆడించారా, పెద్దవాళ్ల సభకు ఆమెను ఒంటరిగా వెళ్లనిచ్చారా, ఆమె కోసం ప్రాణం పోగొట్టుకున్న కుర్రాడి సమాధి దగ్గరికి వెంట వెళ్లారా. ఆమె తిరిగొస్తుందా లేదా అన్నదాన్ని రాజ్యాలు, యుద్ధాలు తేల్చవు. పెంచిన పిల్లను నమ్మారా లేదా అన్నదే తేలుస్తుంది. అక్కడ ఒక ఇబ్బంది కూడా ఉంది. ఆ సందర్భాలు ఇంత ముఖ్యమైనవని ఆడేటప్పుడు తెలియదు. కొందరికి ఆ ముగింపు ఆకాశంలోంచి ఊడిపడ్డట్టు అనిపించింది. అది తప్పించాలంటే ముగింపు దృశ్యంలోనే ఆ పాత క్షణాలను మళ్లీ గుర్తు చేయాలి. విచర్ 3 కొంతవరకు ఆ పని చేసింది కూడా.

బ్యానర్ సాగాలో అయితే వెంట తెచ్చిన జనం, యోధులు, తిండిగింజలు మూడో భాగంలో కాలంగా మారతాయి. ఎంత బలగం మిగిల్చుకుంటే నగరం అంత ఎక్కువ రోజులు నిలబడుతుంది. చిన్న టీమ్‌లు ఈ ఉపాయాన్ని శ్రద్ధగా చూడాలి. వందల రకాల దృశ్యాలు రాయలేదు. కూడబెట్టినదాన్ని ఒక్క వనరుగా మార్చి, ఆ వనరుతో చివరి ఆట ఆడించారు.

కష్టం ఎక్కడంటే లెక్కలో. ఒక్కో భాగంలో అవునా కాదా అనే నిర్ణయాలు నాలుగు పెట్టారనుకోండి. మూడు భాగాలకు పన్నెండు. వాటి కలయికలు 4,096. ఎవరూ అన్ని ముగింపులు రాయలేరు, టెస్టింగ్ చేయలేరు. "మా గేమ్‌లో ప్రతి నిర్ణయానికీ విలువ ఉంటుంది" అని పోస్టర్ మీద వేసుకునే ముందు ఈ అంకె ఒకసారి చూడండి.

తెరిచి వదిలేసే ముగింపు

దీని గురించి ఎక్కువ చెప్పను. కథ ఆలోచనలో పడేసి ఆగడం వేరు, సగంలో ఆగడం వేరు. హాఫ్ లైఫ్ 2 రెండో ఎపిసోడ్ 2007లో గుండె పట్టుకునే చోట ఆగింది. దాని తర్వాత రావాల్సిన మూడో ఎపిసోడ్ రానేలేదు. షెన్మూ మొదటి భాగం 1999లో, రెండోది 2001లో వచ్చాయి. అభిమానుల చందాలతో 2019లో మూడోది వచ్చినా తండ్రిని చంపినవాడి కోసం వెతికే కొడుకు కథ తేలలేదు. పెద్ద సంస్థలకే ఇలా అవుతోంది. నాలుగో భాగం మీద ఆశతో మూడోదాన్ని తెరిచి ఉంచకండి.

నేనైతే ఏది ఎంచుకుంటాను

మొదటిదాన్నీ మూడోదాన్నీ కలుపుతాను. ఏం జరుగుతుందన్నది అందరికీ ఒకటే. ఎవరితో, ఏ స్థితిలో జరుగుతుందన్నది ఆడినవాళ్లను బట్టి. వరద వస్తుంది, లంక మునుగుతుంది, పడవ గట్టుకు చేరుతుంది. ఇది మారదు. గోదారిని ఎవరూ ఆపలేరన్న నిజానికి కూడా ఇది సరిపోతుంది. పడవలో ఎవరున్నారు, తెడ్డు ఎవరు పట్టుకున్నారు, ఎవరు రానన్నారు అన్నది మారుతుంది.

దీనికి నిర్ణయాలను కాకుండా మనుషులను గుర్తుపెట్టుకోండి. మన గేమ్‌లో ముగ్గురు చాలు. గేదెలున్న బాబాయ్. కిరాణా కొట్టు పెద్దమ్మ. కొబ్బరి దింపుకు వెళ్లే చిన్ననాటి స్నేహితుడు. నాలుగోది పడవ. ఒక్కొక్కరికీ రెండేసి స్థితులు. కలయికలు 16 అవుతాయి, కానీ రాయాల్సింది 8 చిన్న దృశ్యాలు మాత్రమే. వాటిని అదే వరసలో ఒకదాని పక్కన ఒకటి పెడితే 16 రకాల రాత్రులు వాటంతటవే వస్తాయి.

బాబాయ్ సంగతి చూడండి. మొదటి భాగంలో పొలాల్లోకి నీళ్లొస్తుంటే అతని గేదెలను మెరక మీదకు చేర్చడానికి ఒక పూట ఖర్చు పెట్టొచ్చు, లేదా ఆ పూట సొంత ఇంటి సామాను సర్దుకోవచ్చు. గేమ్ దాని గురించి ఇంకేం మాట్లాడదు. మూడో భాగంలో నాయిక అతని గుమ్మం ముందు నిలబడి పిలుస్తుంది:

"బాబాయ్, పడవెక్కు. రాత్రికి గట్టు ఉంటుందో ఉండదో."

అప్పుడు సాయం చేయకపోయి ఉంటే:

"గేదెల్ని వదిలేసి నేనెక్కడికొస్తానమ్మా? నువ్వెళ్లు, పిల్లల్ని దాటించు."

చేసి ఉంటే:

"ఆ రోజు వాటికి చోటు చూపించింది నువ్వే కదా. ఈసారి కూడా నువ్వు చెప్పినట్టే. తాళ్లు కోసేసి వస్తాను, ఒక్క నిమిషం ఆగు."

రెండు వాక్యాల తేడా. కానీ ఆడినవాళ్లకు ఆ పాత పూట గుర్తొస్తుంది. ముగింపు తృప్తినివ్వడమంటే నా దృష్టిలో ఇదే. తను చేసిన పని కథకు గుర్తుందని తెలియడం.

స్నేహితుడి విషయంలో మంచి చెడుల తూకం పెట్టకండి. రెండో భాగంలో అతను గల్ఫ్ వెళ్లడానికి డబ్బు అడుగుతాడు. ఇస్తే మూడో వరద నాటికి అతను మస్కట్‌లో ఉంటాడు. రాత్రంతా ఫోన్ చేస్తూనే ఉంటాడు, చెల్లెల్ని దాటించమని ఏడుస్తాడు, తర్వాత ఊరికి డబ్బు పంపిస్తాడు. ఇవ్వకపోతే అతను పడవలో రెండో తెడ్డు పట్టుకుని పక్కనే ఉంటాడు, మనసులో ఆ మాట ఉంచుకుని. ఏది సరైనది? రెండూ నిజాలే. బహుమతి, శిక్ష అన్న లెక్కలో ఫలితాలు పెడితే ఆడేవాళ్లు ఇంటర్నెట్‌లో సరైన జవాబులు వెతుక్కుంటారు. ఇలా పెడితే తమ కథ తమదే అనుకుంటారు.

పడవ సంగతి తేలిక. బాగుచేయించి ఉంటే ఒక్క విడతలో దాటించవచ్చు, లేకపోతే రెండు విడతలు తిరగాలి. రెండో విడత ఆట కష్టమవుతుంది. బ్యానర్ సాగా నుంచి నేర్చుకున్నది ఇక్కడ పనికొస్తుంది.

ఈ కలయిక అందరికీ సరిపడదు. మీ గేమ్ పజిల్స్ మీదో పరుగు మీదో నడిచేదైతే మొదటి దారికే వెళ్లండి. మాటలు రాయగల మనిషి టీమ్‌లో లేకపోయినా అంతే. చివరి కూడలిని వదులుకోలేకపోతే కనీసం దాన్ని నాయిక మూడు భాగాలుగా చేస్తున్న పనిలోంచే పుట్టించండి: పడవలో ఒక్కరికే చోటుంది, గట్టు మీద ఇద్దరున్నారు. ఆ ఇద్దరూ మొదటి భాగం నుంచి తెలిసినవాళ్లై ఉండాలి.

పాత భాగాల సంగతి మూడోదానికి ఎలా చేరవేయాలి

సేవ్ ఫైల్ నేరుగా తీసుకురావడం చూడ్డానికి గొప్పగా ఉంటుంది. మన దగ్గర ఎక్కువమంది ఆడేది ఫోన్ల మీద. రెండేళ్ల తర్వాత మూడో భాగం వచ్చేసరికి ఫోన్ మారిపోయి ఉంటుంది, యాప్ తీసేసి ఉంటారు. క్లౌడ్‌లో దాచే ఏర్పాటు లేకపోతే అన్నీ పోయినట్టే. పెద్ద కంపెనీలకు కూడా ఈ చిక్కు వచ్చింది. మాస్ ఎఫెక్ట్ 2 ప్లేస్టేషన్ 3 మీదకు 2011లో వచ్చినప్పుడు దానిమీద మొదటి భాగమే లేదు. అందుకని బొమ్మల కథ ఒకటి పెట్టి, చూస్తూ చూస్తూ ముఖ్యమైన నిర్ణయాలు ఎంచుకోమన్నారు. డ్రాగన్ ఏజ్ మూడో భాగానికి 2014లో పాత నిర్ణయాలు ఎంచుకోవడానికి ఏకంగా ఒక వెబ్‌సైటే కట్టారు.

అందరికన్నా తెలివిగా చేసింది విచర్ 3. కథానాయకుడు చక్రవర్తి ముందుకు వెళ్లే ముందు గడ్డం గీయించుకుంటూ ఉంటాడు. పక్కనే ఒక సేనాని నిలబడి పాత సంగతులు అడుగుతాడు. మీరిచ్చే జవాబులే రెండో భాగం చరిత్ర అవుతాయి. పాత గేమ్ ఆడనివాళ్లకు అది మామూలు సంభాషణ, ఆడినవాళ్లకు జ్ఞాపకం.

మన గేమ్‌లో దీనికి చోటు వెతుక్కోనక్కర్లేదు. మూడో భాగం స్కూల్లో పెట్టిన పునరావాస కేంద్రంలో మొదలవ్వాలి. వీఆర్వో పుస్తకం పట్టుకుని పేర్లు రాసుకుంటూ అడుగుతాడు: "పడవ బాగుందామ్మా? మీ బాబాయ్‌గారు ఎక్కడున్నారు? కొట్టు పెద్దమ్మ ఎక్కడుంది? ఆ దింపు కుర్రాడు ఊళ్లోనే ఉన్నాడా, వెళ్లిపోయాడా?" నాలుగు ప్రశ్నలతో నాలుగు స్థితులూ నిండిపోతాయి. కొత్తగా వచ్చినవాళ్లకు ఊరు పరిచయమవుతుంది. ఒక్క సేవ్ ఫైల్ కూడా మోయక్కర్లేదు. ఇంకా కావాలంటే రెండో భాగం చివర ఒక చిన్న కోడ్ చూపించి, రాసిపెట్టుకోమనండి. మూడోదాని మొదట్లో అది కొడితే వీఆర్వో ప్రశ్నలు అడగకుండానే పేర్లు చదివేస్తాడు.

గట్టు దాటాక

కథ కంచికి చేరగానే పేర్లు వేసేసి పంపించేయకండి. మనం ఇంటికి చేరాలి కదా. మాస్ ఎఫెక్ట్ 3కి 2013 మార్చిలో వచ్చిన సిటడెల్ అనే అదనపు భాగంలో లోకాన్ని కాపాడటం కన్నా పాత స్నేహితులందరూ ఒకచోట చేరి విందు చేసుకోవడమే పెద్ద విషయం. చాలామంది అభిమానులు దాన్నే తమ అసలు వీడ్కోలు అనుకున్నారు. విచర్ 3కి 2016లో వచ్చిన బ్లడ్ అండ్ వైన్ కథానాయకుడికి ద్రాక్షతోట ఉన్న ఒక ఇల్లు ఇచ్చింది. ఊళ్లు తిరిగి తిరిగి అలసినవాడికి ఒక గుమ్మం. ఆ ఇంటికి ఎవరొస్తారన్నది మీరు ఆడినదాన్ని బట్టి.

మన గేమ్‌లో వరద తీశాక ఒక పది నిమిషాలు ఆడనివ్వండి. కొట్లాటలు, పరుగులు వద్దు. ఇంట్లో బురద కడగాలి. తడిసిన బియ్యం ఆరబెట్టాలి. నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లకు ఇల్లు చూపించాలి. ఒండ్రు మేట వేసిన లంకలో మళ్లీ ఏం వేయాలో బాబాయ్‌తో మాట్లాడాలి. లేదా బాబాయ్ లేని పాకలో నిలబడాలి. ఇక్కడ ఆడేవాళ్ల చేతిలోంచి ఆట తీసేసి వీడియో చూపించడం నాకు నచ్చదు. చివరిసారి ఊళ్లో తమంతట తాము తిరగాలి.

బొమ్మలకు సమయం లేకపోతే ఒక్కొక్కరి గురించి రెండు మూడు వాక్యాలు రాసి చూపించినా సరిపోతుంది. అలా అయితే తెలుగు అక్షరాలు ముందే పరీక్షించండి. కొన్ని ఇంజన్లలో ఒత్తులు విడిపోయి, గుణింతాలు పక్కకు జరిగి కనిపిస్తాయి. గోడో అనే ఇంజన్ నాలుగో వెర్షన్ నుంచి ఇలాంటి లిపులను సరిగ్గానే చూపిస్తోంది. మీరు వాడేది ఏదైనా "స్త్రీ", "రాష్ట్రం", "లక్ష్మి" లాంటి మాటలు తెర మీద ఒకసారి పెట్టి చూడండి. కన్నీళ్లు రావాల్సిన చోట అక్షరం విరిగితే అంతా పోతుంది.

ఎంచుకున్నది సరైనదేనా అని ఎలా తెలుస్తుంది

గేమ్ తయారయ్యేదాకా ఆగక్కర్లేదు. కథ తెలియని ఒకరిని కూర్చోబెట్టి మూడు భాగాలూ నోటితో చెప్పండి. నిర్ణయాల దగ్గర ఆగి "నువ్వయితే ఏం చేస్తావు?" అని అడిగి, వాళ్లు చెప్పింది కాగితం మీద రాసుకోండి. చివరికి చేరాక వాళ్ల జవాబులకు తగిన ముగింపు చెప్పండి. ఆ తర్వాత ఒకే ఒక్క ప్రశ్న: "ఇలా ఎందుకైంది?" వాళ్లు తమ జవాబుల్లో ఒకదాన్ని చూపించి "నేను అప్పుడు ఆ పని చేయలేదు కాబట్టి" అంటే మీ ముగింపు నిలబడినట్టే. "మీరలా రాశారు కాబట్టి" అంటే, ఇంకా ఒక్క బొమ్మ కూడా వేయకముందే మార్చుకునే అవకాశం దొరికినట్టు. అమ్మమ్మలు, తాతయ్యలు దీనికి చాలా మంచి శ్రోతలు. గేమ్ అంటే తెలియకపోయినా వరద గురించి మీరు తప్పు చెబితే వెంటనే పట్టుకుంటారు.

ఇంకో పని కూడా చేయండి. కంప్యూటర్ గేములు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో చాలా గేములకు ఎంత శాతం మంది ఏ మెట్టుదాకా వచ్చారో అచీవ్‌మెంట్ల పేజీలో అందరికీ కనిపిస్తుంది. మీ గేమ్ లాంటివి నాలుగు తీసుకుని చివరిదాకా ఆడినవాళ్లు ఎంతమందో చూడండి. మొదలుపెట్టినవాళ్లకూ ముగించినవాళ్లకూ మధ్య ఎడం చూస్తే, చివరి గంటలో పన్నెండు రకాల దృశ్యాలకు డబ్బు పెట్టడమా, ఎనిమిది చాలా అన్నది మీకే తెలుస్తుంది.

మూడోది తీయలేకపోతే

చదువులు అయిపోతాయి, ఒకరు హైదరాబాద్‌లో ఉద్యోగానికి, ఒకరు పై చదువులకు వెళ్లిపోతారు. ఇది జరిగే అవకాశం చాలా ఎక్కువ. 2018లో టెల్‌టేల్ అనే పెద్ద సంస్థ తన వాకింగ్ డెడ్ గేమ్ ఆఖరి సీజన్ సగంలో ఉండగానే దాదాపు అందరినీ ఉద్యోగాల్లోంచి తీసేసింది. రెండు ఎపిసోడ్లే వచ్చాయి. స్కైబౌండ్ అనే ఇంకో సంస్థ ముందుకొచ్చి, పాతవాళ్లలో కొందరిని పెట్టుకుని, 2019 మార్చికి పూర్తి చేసింది కనుక ఆ కథ తేలింది. మన గేమ్‌కి అలా ఎవరూ రారు.

కాబట్టి ప్రతి భాగం దానంతట అది ముగిసేలా రాయండి. మొదటి వరద తీసిపోవాలి, ఆ వరదకు సంబంధించిన ప్రశ్నకు జవాబు దొరకాలి. మిగలాల్సింది పడవ, మనుషులు, ఇంకా పెద్ద వరద వస్తుందన్న ఎరుక. వీటితో పాటు మూడో భాగానికి ఒక చిన్న రూపం కూడా కాగితం మీద పెట్టుకోండి. బొమ్మలు, సంగీతం లేకుండా, చదువుతూ ఎంచుకునే కథగా, ఇద్దరు కలిసి ఒక వేసవి సెలవుల్లో పూర్తి చేయగలిగేంత. ఆ ఎనిమిది దృశ్యాలు, వీఆర్వో ప్రశ్నలు, వరద తీశాక పది నిమిషాలు, అంతే. మొదటి భాగం అమ్మకానికి పెట్టే రోజుకి ఆ కాగితాలు టీమ్‌లో ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి.